ఒక్క కణం నుంచి చిక్కుడు మొక్క: పప్పుజాతి పైర్లలో జన్యు పరివర్తన, పునర్జననం



మా గురువుగారి పేరిట ఆయన శిష్యులంతా కలిసి నెలకొల్పిన ఈ ధర్మనిధి ఉపన్యాసం ఇచ్చే అవకాశం నాకు దక్కడం గౌరవంగా భావిస్తున్నాను. ఆయన జీవితమంతా వృక్షశాస్త్రం బోధించారు. గాజు సీసాలో మొక్క పెరిగితే సంతోషించేవారు. పెరగకపోతే ఇంకా శ్రద్ధగా చూసేవారు. మొక్క ఎందుకు పెరగలేదో తెలుసుకోవడంలోనే పరిశోధన మొదలవుతుందని ఆయన నమ్మకం. అందుకే ఆయన స్మృతిలో మాట్లాడటానికి, గాజు సీసాలో పెరగడానికి అన్నిటికంటే ఎక్కువ మొండికేసిన పైరును ఎంచుకున్నాను. అది చిక్కుడు జాతి.

నేను చెప్పదలచింది మొదటే చెప్పేస్తాను. పప్పుజాతి పైర్లను మెరుగుపరచడానికి ఈ రోజు మనకు జన్యువుల కొరత లేదు. జన్యువును అందుకున్న కణాన్ని పూర్తి మొక్కగా పెంచే పద్ధతికే కొరత. ఆ పద్ధతి మీద ఓపికతో, బహిరంగంగా, ప్రభుత్వ సొమ్ముతో పని జరగనంత కాలం కంది, మినుము, పెసర, శనగ రైతుకు నవీన జన్యుశాస్త్రం ఇవ్వగలిగింది చాలా తక్కువ.

పైరు, దాని అవసరం

మనుషులు నేరుగా తినే పప్పుగింజల్లో ప్రపంచం మొత్తం మీద మొదటి స్థానం ఫేసియోలస్ వల్గారిస్‌ది. నేను చిక్కుడు అంటున్నది దీన్నే. మన బజారులో పచ్చికాయగా ఉంటే బీన్స్, ఎండుగింజ అయితే రాజ్మా. చింతపల్లి, గూడెం కొత్తవీధి మన్యంలో గిరిజన రైతులు శీతకాలానికి వేసే రాజ్మా ఇదే. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. ఒకసారి మెక్సికో వైపు, మరోసారి ఆండీస్ కొండల్లో, రెండు చోట్లా విడివిడిగా సాగులోకి వచ్చిన పైరు ఇది. కొలంబియాలో కాలీ నగరం దగ్గరున్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం 35 వేలకు పైగా చిక్కుడు నమూనాలను భద్రపరిచింది. 11 జతల క్రోమోజోములున్న ఈ పైరు జన్యుపటం 2014లో వెలువడింది.

ఇంత వైవిధ్యం చేతిలో ఉండగా జన్యు పరివర్తన ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. సంకరంతో సాధించగలిగినదాన్ని సంకరంతోనే సాధించాలి. కానీ కొన్ని రక్షణలు ఆ జాతి మొత్తంలో వెతికినా దొరకవు. బ్రెజిల్‌లో తెల్లదోమ మోసుకొచ్చే బంగారు మొజాయిక్ వైరస్ చిక్కుడు చేలను పూర్తిగా తుడిచిపెట్టేది. దాన్ని పూర్తిగా తట్టుకునే చిక్కుడు రకం ప్రపంచ సేకరణల్లో ఎక్కడా దొరకలేదు. మన కృష్ణా డెల్టాలో వరి మాగాణుల్లో మినుము వేసే రైతుకు పల్లాకు తెగులు అంటే వివరించనక్కర్లేదు. దాన్ని కలిగించే వైరస్‌ది కూడా ఆ బ్రెజిల్ వైరస్ కుటుంబమే. మోసుకొచ్చేది కూడా ఆ తెల్లదోమే. ఆఫ్రికాలో అలసంద రైతును నష్టపరిచే మారుకా మచ్చల పురుగు, మన కంది పూతనూ పిందెనూ గూడు కట్టి తినే పురుగూ ఒకటే. జన్యుమార్పిడి లేని అలసంద రకాల్లో దాన్ని గట్టిగా తట్టుకునేది లేదు. ఇలాంటి చోటే జాతి గడప దాటి జన్యువును తీసుకురావలసిన అవసరం వస్తుంది.

రెండు పనులు, రెండు చరిత్రలు

జన్యు పరివర్తనలో రెండు పనులున్నాయి. మొదటిది, కావలసిన జన్యువును కణంలోకి చేర్చడం. రెండోది, ఆ కణం నుంచి వేరు, కాండం, పువ్వు, విత్తనం ఉన్న మొక్కను తెప్పించడం. ఈ రెండో పనినే పునర్జననం అంటున్నాను. ఈ రెంటికీ వేర్వేరు చరిత్రలున్నాయి.

విడి కణం నుంచి పూర్తి మొక్కను పెంచవచ్చన్న ఊహను 1902లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త గాట్లీబ్ హేబర్లాండ్ట్ ప్రకటించాడు. ఆయన ప్రయోగాలు ఫలించలేదు. కణాలు బతికాయి గాని విభజన చెందలేదు. దారి దొరకడానికి అర్ధశతాబ్దం పట్టింది. 1957లో విస్కాన్సిన్‌లో ఫోక్ స్కూగ్, కార్లోస్ మిల్లర్ పొగాకు కాండం లోపలి దవ్వతో చేసిన పనిలో ఒక సూత్రం తేలింది. ఆక్సిన్ ఎక్కువగా, సైటోకైనిన్ తక్కువగా ఉంటే వేళ్లు వస్తాయి. ఆ పాళ్లు తిరగబడితే మొగ్గలు వస్తాయి. రెండూ సమంగా ఉంటే రూపం లేని కణాల ముద్ద పెరుగుతుంది. దాన్నే కాలస్ అంటాం. 1962లో మురాషిగే, స్కూగ్ ప్రకటించిన పోషక యానకం ఈనాటికీ ప్రతి ప్రయోగశాలలో వాడుకలో ఉంది. మన దేశం కూడా ఈ చరిత్రలో వెనకబడి లేదు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాల నుంచి ఏకస్థితిక పిండాలను తెప్పించి ప్రపంచానికి కొత్త దారి చూపించారు.

జన్యువును చేర్చే పని నేలలోని ఒక బాక్టీరియా దగ్గర నేర్చుకున్నాం. అగ్రోబాక్టీరియం మొక్కల మొదళ్ల మీద కంతులు పుట్టిస్తుంది. 1977లో సియాటిల్‌లో మేరీ డెల్ చిల్టన్, యూజీన్ నెస్టర్, మిల్టన్ గార్డన్ బృందం ఆ బాక్టీరియా తన డీఎన్ఏలో ఒక ముక్కను మొక్క కణంలోకి పంపిస్తుందని నిరూపించింది. ఆ ముక్కలోంచి కంతి పుట్టించే జన్యువులను తీసేసి, మనకు కావలసినదాన్ని పెట్టి పంపడం 1983 నాటికి సాధ్యమైంది. 1985లో మోన్సాంటో శాస్త్రవేత్తలు ఆకు బిళ్ల పద్ధతిని ప్రకటించారు. పొగాకు, పెట్యూనియా, టమాటా ఆకుల నుంచి గుండ్రని ముక్కలు కోసి, బాక్టీరియా ద్రవంలో ముంచి, యానకం మీద పెడితే చాలు. కోసిన అంచున జన్యువు చేరేది, ఆ అంచునే మొగ్గలు మొలిచేవి.

ఆ మాటను గుర్తు పెట్టుకోండి. జన్యువు చేరే చోటు, మొగ్గ మొలిచే చోటు ఒక్కటే. పొగాకు ఇచ్చిన ఈ సౌకర్యాన్ని చిక్కుడు ఇవ్వలేదు.

చిక్కుడు ఎందుకు లొంగలేదు

చిక్కుడు ఆకు ముక్కను యానకం మీద పెడితే కాలస్ పుష్కలంగా వస్తుంది. ఆకుపచ్చగా, గట్టిగా పెరుగుతుంది కూడా. కాని అందులోంచి మొగ్గ రావడం చాలా అరుదు. హార్మోన్ల పాళ్లు ఎంత మార్చినా ఆ ముద్ద ముద్దగానే ఉండిపోతుంది. చిక్కుడులో నమ్మకంగా మొగ్గలు వచ్చేవి కొన్ని చోట్లే. విత్తనం లోపలి పిండాక్షం కొన, బీజదళాలు కాండానికి అతుక్కున్న కణుపు, ఆకు గ్రీవాల్లోని మొగ్గలు. 1992లో మలిక్, సక్సేనా విత్తనాలను కోయకుండానే సైటోకైనిన్ కలిపిన యానకం మీద మొలకెత్తించి, ఒక్కో మొలక కణుపు దగ్గర గుత్తులుగా మొగ్గలు తెప్పించారు. మొగ్గలు వచ్చాయి కనుక సమస్య తీరిందనుకున్నారు చాలామంది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఆ మొగ్గలు పుట్టేవి అప్పటికే సిద్ధంగా ఉన్న విభాజ్య కణజాలం నుంచి. ఆ కణాలు పైపొర కింద, లోతుగా, ఒకదాన్నొకటి హత్తుకుని ఉంటాయి. బాక్టీరియా మాత్రం గాయపడిన పైకణాల్లోకే సులువుగా చేరుతుంది. ఆ పైకణాలు జన్యువును అందుకుంటాయి గాని మొగ్గ వేయవు. మొగ్గ వేసే కణాలకు జన్యువు అందదు. విత్తనం ఒక చేనిలో చల్లి నీళ్లు పక్క చేనికి పెట్టినట్టు పని సాగుతుంది. రెండు పనులూ విడివిడిగా బ్రహ్మాండంగా జరుగుతాయి, పైరు మాత్రం రాదు.

చిక్కుడు జన్యు పరివర్తన మీద వచ్చిన పరిశోధన సాహిత్యం చదివేటప్పుడు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే చాలా సంగతులు అర్థమవుతాయి. 1987లో జెఫర్సన్ ప్రవేశపెట్టిన గస్ పరీక్షలో జన్యువు చేరిన కణాలు నీలిరంగు తేలుతాయి. ఎన్నో పత్రాల్లో ముక్కల మీద నీలి మచ్చల ఫొటోలు ఉంటాయి. పక్క పేజీలో మొగ్గల గుత్తుల ఫొటోలు ఉంటాయి. నీలిరంగు మొగ్గ, అందులోంచి నీలిరంగు విత్తనం మాత్రం దొరకవు.

ఒకవేళ జన్యువు విభాజ్య కణజాలానికి చేరినా కథ ముగియదు. ఆ కొన ఒక్క కణంతో అయింది కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. బయటి పొరలో ఒక కణానికి జన్యువు చేరితే ఆ మొక్క చర్మం మీద కొన్ని చారల్లోనే అది ఉంటుంది. ఇలాంటి మిశ్రమ మొక్కను కైమీరా అంటారు. పరాగరేణువులూ అండాలూ రూపొందేది రెండో పొర నుంచి. ఆ పొరలో జన్యువు లేకపోతే మొక్క ఎంత ఆరోగ్యంగా ఎదిగినా సంతానానికి ఏమీ అందదు.

మరో చిక్కు వడపోతది. పొగాకులో జన్యువు అందని కణాలను కానామైసిన్ మందుతో చంపేస్తాం. పప్పుజాతి మొక్కల్లో చాలావాటికి ఆ మందును ఓర్చుకునే గుణం సహజంగానే ఉంది. మోతాదు తగ్గిస్తే అన్నీ బతుకుతాయి, పెంచితే అన్నీ చస్తాయి. పైగా కోసిన చోట ఫీనాలిక్ పదార్థాలు ఆక్సీకరణం చెంది ముక్క గోధుమరంగుకు మారి చచ్చిపోతుంది. వీటన్నిటి మీద రకం ప్రభావం ఒకటి. ఒక రకంలో కుదిరిన పద్ధతి పక్క రకంలో కుదరదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన ముంగిట్లోనే ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో కిరణ్ శర్మ, అంజయ్య 2000లో వేరుశనగకు ఒక పద్ధతి ప్రకటించారు. ముదురు విత్తనం బీజదళాన్ని నిలువుగా చీల్చి, పిండాన్ని తీసేసి, జె.ఎల్. 24 రకంలో 90 శాతానికి పైగా ముక్కల నుంచి మొగ్గలు తెప్పించారు. ఇక్కడ మొగ్గలు కొత్తగా కోత దగ్గరే పుట్టాయి. బాక్టీరియాకు అందే చోటే పుట్టాయి. కాబట్టి పప్పుజాతి అంతా మొండిదని తీర్పు చెప్పడం తప్పు. ఎక్కడ ఆ రెండు చోట్లూ కలుస్తాయో అక్కడ మొక్క లొంగుతుంది.

బ్రెజిల్‌లో జరిగిన పని

చిక్కుడులో ఆ రెండు చోట్లనూ కలపడానికి మొదట పనికొచ్చింది బాక్టీరియా కాదు, జన్యు తుపాకి. 1987లో కార్నెల్‌కు చెందిన జాన్ శాన్‌ఫర్డ్ బృందం డీఎన్ఏ పూసిన సూక్ష్మ లోహ రేణువులను కణాల్లోకి దూసుకుపోయేలా పంపే పరికరాన్ని ప్రకటించింది. రేణువుకు గాయంతో పని లేదు, బాక్టీరియా ఇష్టాయిష్టాలతో పని లేదు. తగినంత వేగం ఉంటే పైపొర దాటి లోపలికి వెళుతుంది. 1993లో అమెరికాలోని అగ్రాసీటస్ సంస్థలో ఈ తరహా పద్ధతితోనే జన్యువును సంతానానికి అందించే చిక్కుడు మొక్కలు వచ్చాయి. ఫలితం 0.03 శాతం. అంటే పదివేల ముక్కలకు మూడు.

బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాలో ఫ్రాన్సిస్కో అరగావో బృందం దీన్ని 1996 నాటికి 0.9 శాతానికి చేర్చింది. వారు సాధించిన తీరు గమనించదగ్గది. యంత్రాన్ని మాత్రమే సవరించి ఊరుకోలేదు, మొక్కను సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. కొన్ని రకాల పిండాక్షాల్లో కొనను లేత ఆకులు కప్పేసి ఉన్నాయి. కొన్నిటిలో కొన తెరుచుకుని ఉంది. తెరుచుకున్న వాటిలోనే రేణువులు సరైన కణాలను చేరుతున్నాయి. రకానికీ రకానికీ తేడా ఎందుకు వస్తున్నదనే ప్రశ్నకు కొంత జవాబు కొన నిర్మాణంలోనే దొరికింది. వడపోతకు కూడా వారు ఆలోచించి మందును ఎంచుకున్నారు. ఇమాజపైర్ అనే కలుపుమందు మొక్కలో ప్రయాణించి కొనలోని విభాజ్య కణజాలంలోనే పోగవుతుంది. దాన్ని తట్టుకునే జన్యువును కావలసిన జన్యువుతో జతచేశారు. కొనలో జన్యువు లేని మొగ్గ ఎదగలేకపోయింది.

ఈ పునాది మీదే బంగారు మొజాయిక్ మీద పోరు నడిచింది. వైరస్ తనను తాను పెంచుకోవడానికి వాడే ఏసీ1 అనే జన్యువు శకలాన్ని తలకిందులుగా జతచేసి మొక్కలో పెట్టారు. మొక్క దాని నుంచి రెండు పోగుల ఆర్ఎన్ఏ తయారుచేసి, దాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కల సాయంతో వైరస్ సందేశాన్ని గుర్తుపట్టి నాశనం చేస్తుంది. కొత్త ప్రోటీన్ ఏదీ తయారవదు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 18 పరివర్తిత వంశాలు వచ్చాయి. వాటిలో ఒక్కటి, 5.1 అనే వంశం, గట్టి నిరోధకత చూపించింది. మొక్కకు 300కు పైగా వైరస్ ఉన్న తెల్లదోమలను జీవితకాలమంతా వదిలినా దాదాపు 93 శాతం మొక్కల్లో తెగులు లక్షణాలు కనిపించలేదు.

ఆ 18 అనే అంకె గురించి ఆలోచించండి. పునర్జనన పద్ధతి ఇంకా బలహీనంగా ఉండి నాలుగైదు వంశాలే వచ్చి ఉంటే, ఆ ఒక్కటి వాటిలో ఉండేదన్న హామీ లేదు. జన్యువు క్రోమోజోములో ఎక్కడ పడుతుందో మన చేతిలో లేదు. ఎన్ని వంశాలు వస్తే మంచిదాన్ని ఎంచుకునే అవకాశం అంత పెరుగుతుంది. పునర్జనన శాతం పెంచడమంటే ప్రయోగశాల సౌకర్యం కోసం చేసే పని మాత్రమే కాదు, రైతుకు మంచి రకం అందే అవకాశాన్ని పెంచడం.

పరివర్తన చేసింది ప్రయోగశాలకు అనువైన ఒలేథె పింటో అనే రకంలో. బ్రెజిల్ ప్రజలు తినే కారియోకా తరహా రకాల్లోకి దాన్ని తరాల తరబడి తిరుగు సంకరాలతో చేర్చవలసి వచ్చింది. 2011లో ఆ దేశపు జీవభద్రతా సంఘం సాగుకు అనుమతించింది. రైతు చేతికి విత్తనం రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. మొదటి నుంచి చివరి దాకా ప్రభుత్వ సంస్థే చేసిన పని ఇది.

అలసంద, టెపరీ చిక్కుడు

రెండో ఉదాహరణ అలసందది. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్‌ఓలో టి.జె. హిగ్గిన్స్ బృందం 2006లో ప్రకటించిన పద్ధతిలో కీలకమైన మార్పులన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి. బీజదళ కణుపును ఎంచుకోవడం, తొలి దశల్లో యానకంలో ఆక్సిన్ లేకుండా చూడటం, సైటోకైనిన్‌ను తక్కువ మోతాదులో ఉంచడం, బాక్టీరియా సోకే సమయంలో థయాల్ రసాయనాలు కలపడం. ఈ థయాల్‌లు కోసిన చోట గోధుమరంగు రాకుండా కాపాడతాయి. ఇంత జాగ్రత్తా పడితే వెయ్యి ముక్కలకు ఒక ఫలవంతమైన మొక్క వచ్చింది. ఒక్కో ప్రయత్నానికి నెలల తరబడి పట్టింది.

ఆ వెయ్యికి ఒకటిని ఆధారం చేసుకుని నైజీరియాలోని జారియా వ్యవసాయ పరిశోధన సంస్థ మారుకా పురుగును తట్టుకునే అలసందను అభివృద్ధి చేసింది. నైజీరియా 2019లో దాన్ని వాణిజ్య సాగుకు అనుమతించింది. ప్రపంచంలో తొలి జన్యుమార్పిడి అలసంద అదే. శాతం తక్కువైనా ఓపికపట్టి నిలబడిన సంస్థలు ఉన్నాయి కనుకే ఇది జరిగింది.

బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వేరే దారి పట్టింది. ఎడారి నేలల్లో పండే టెపరీ చిక్కుడు, రాజ్మాకు దగ్గరి బంధువు. దాని కాలస్ నుంచి మొగ్గలు వస్తాయని, బాక్టీరియా పద్ధతిలో అది లొంగుతుందని వారు చూపించారు. జన్యువును ముందు టెపరీలో పెట్టి, సంకరంతో రాజ్మాలోకి దాటించవచ్చన్నది వారి ఆలోచన. దగ్గరి బంధువుల్లో ఒకటి లొంగి ఒకటి లొంగకపోవడం ఒక పాఠం. ఆ గుణం జన్యువుల్లోనే ఉంది, కనుక దాన్ని వెతికి పట్టుకోవచ్చు.

కొత్త దారులు

ఆ వెతుకులాట ఇప్పుడు ఫలిస్తోంది. కొన ఎక్కడ ఏర్పడాలో, పిండం ఎప్పుడు రూపొందాలో నిర్ణయించే జన్యువులు కొన్ని తెలిశాయి. వాటిలో వుషెల్, బేబీ బూమ్ ముఖ్యమైనవి. 2016లో ఈ రెంటినీ కలిపి వాడి, అంతకుముందు మొండికేసిన మొక్కజొన్న రకాల నుంచి కూడా మొక్కలు తెప్పించారు. 2020లో కాలిఫోర్నియా డేవిస్‌లో డుబ్కోవ్‌స్కీ బృందం జీఆర్ఎఫ్4, జీఐఎఫ్1 అనే రెండు ప్రోటీన్లను జతచేసి గోధుమలో పునర్జననాన్ని ఎన్నో రెట్లు పెంచింది. అదే ఏడాది మిన్నెసోటాలో వోయ్‌టాస్ బృందం ఇంకో అడుగు వేసింది. సీసాలో యానకం లేకుండా, పెరుగుతున్న మొక్క మీదే కొన కత్తిరించి, ఆ గాయం దగ్గర ఇలాంటి జన్యువులను ప్రవేశపెట్టి కొత్త మొగ్గలు పుట్టించింది.

మన సమస్యకు ఇవి నేరుగా తగులుతాయి. మొగ్గ వేసే కణం దగ్గరకు జన్యువును తీసుకుపోలేకపోతే, జన్యువు అందుకున్న కణానికే మొగ్గ వేసే శక్తి ఇవ్వడం ఇందులోని ఉపాయం. పునర్జననం, పరివర్తన ఒకే కణంలో కలుస్తాయి. అయితే ఈ జన్యువులు పని ముగిశాక ఆగిపోవాలి. ఆగకపోతే వచ్చే మొక్క వంకరలు తిరిగి, గొడ్డుబోతుంది. ఎప్పుడు వెలిగించాలి, ఎప్పుడు ఆర్పాలి అన్నది పప్పుజాతి పైర్లలో ఒక్కొక్కదానికీ విడిగా తేల్చుకోవాలి. గోధుమకు దొరికిన జవాబు కందికి యథాతథంగా పనికిరాదు.

పరిశోధనకు వెంటనే ఉపయోగపడే మార్గం మరొకటి ఉంది. మెక్సికో శాస్త్రవేత్తలు 2007లో చిక్కుడు మొలకకు అగ్రోబాక్టీరియం రైజోజీన్స్ సోకించి పరివర్తిత వేళ్లను తెప్పించే పద్ధతిని వివరంగా ప్రకటించారు. పైభాగం మామూలు మొక్క, కింద వేరు మాత్రం పరివర్తితం. ఆ గుణం విత్తనానికి అందదు కనుక రకం తయారీకి పనికిరాదు. కాని వేరు బుడిపెల్లో నత్రజని స్థిరీకరణ, ఎండను తట్టుకోవడం వంటి అంశాల్లో ఏ జన్యువు ఏం చేస్తుందో వారాల్లో తెలుసుకోవచ్చు. మొలక కొనను సూదితో గుచ్చి బాక్టీరియా సోకించి, సీసా దశ దాదాపు లేకుండా విత్తనం దాకా పెంచే పద్ధతిని బెంగళూరు శాస్త్రవేత్తలు వేరుశనగ, కంది వంటి పైర్లలో వాడారు. ఖర్చు తక్కువ, రకం పట్టింపు తక్కువ. కైమీరాలను ఏరివేయడానికి తర్వాతి తరాల్లో కఠినమైన పరీక్ష మాత్రం తప్పదు.

వరి ముందుకు వెళ్లింది, పప్పు ఆగిపోయింది

2025 మే నెలలో మన దేశం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. వాటిలో ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, కమల. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో, మన బాపట్ల బిడ్డ అయిన సాంబ మసూరి మీద జరిగిన పని అది. సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ జన్యువును సవరించి కంకికి గింజల సంఖ్య పెంచారు. తెలుగువారు గర్వించదగిన పని. 2022 మార్చిలో కేంద్రం బయటి జన్యువు మిగలని సవరణలకు జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వడం దీనికి వెసులుబాటు కల్పించింది.

కంది, మినుము ఆ వరసలో ఎందుకు లేవు? కంది జన్యుపటం 2012 నాటికే, శనగది 2013 నాటికే ఇక్రిశాట్ నాయకత్వంలో వెలువడ్డాయి. జన్యువులను సవరించే క్రిస్పర్ కత్తెర అన్ని పైర్లకూ ఒక్కటే. నిబంధనలూ ఒక్కటే. తేడా ఎక్కడుందంటే, వరి గింజ పిండపు స్క్యుటెల్లం నుంచి వచ్చే కాలస్ మొక్కలను ఇస్తుంది. 1994లో జపాన్ శాస్త్రవేత్తలు బాక్టీరియా పద్ధతిని వరికి కుదిర్చాక, మూడు దశాబ్దాల పాటు ఎన్నో ప్రయోగశాలలు దాన్ని ఒక్కో రకానికి సరిదిద్దుతూ వచ్చాయి. కత్తెర కణంలోకి చేరాలి, ఆ కణం మొక్క కావాలి. ఆ రెండో మెట్టు వరికి ఉంది, పప్పుకు సరిగా లేదు. సోయాచిక్కుడుకు ఉంది. ఎందుకంటే 1988లో తొలి విజయం దొరికిన నాటి నుంచి పెద్ద ప్రైవేటు సంస్థలు దాని మీద ధారాళంగా ఖర్చు పెట్టాయి. మన పప్పుల మీద ఆ సంస్థలు ఖర్చు పెట్టవు. పప్పు విత్తనాల మార్కెట్ చిన్నది, రైతు తన విత్తనం తానే దాచుకుంటాడు.

భద్రత గురించి

ఈ సాంకేతికతను సమర్థించేవారు దాని తప్పటడుగులనూ చెప్పాలి. చిక్కుడు గింజలో పిండిని జీర్ణించే ఎంజైమును అడ్డుకునే ప్రోటీన్ ఒకటి సహజంగా ఉంటుంది. పుచ్చు పురుగు నుంచి రక్షణ కోసం ఆ జన్యువును ఆస్ట్రేలియాలో బఠాణీలో పెట్టారు. పురుగు రాలేదు. కాని 2005లో ఎలుకల మీద పరీక్షల్లో బఠాణీలో తయారైన ఆ ప్రోటీన్ రోగనిరోధక ప్రతిస్పందనను రేపింది. చక్కెర అతుకుల్లో చిన్న తేడాలు అందుకు కారణమని పరిశోధకులు భావించారు. ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. పరీక్షల వ్యవస్థ పనిచేసిందనడానికి ఇది రుజువు. ప్రతి వంశాన్నీ విడిగా పరీక్షించాలన్న నియమానికి కూడా ఇదే బలమైన కారణం. మంచి పునర్జనన పద్ధతి ఇక్కడ కూడా అండగా నిలుస్తుంది. చేతిలో వంశాలు ఎక్కువ ఉంటే అనుమానం వచ్చినదాన్ని నిస్సంకోచంగా పారేయగలం.

చేయవలసింది

యువ పరిశోధకులకు నా మొదటి విన్నపం లెక్క గురించి. నీలి మచ్చలను విజయంగా లెక్కపెట్టకండి. మొగ్గల సంఖ్యను కూడా లెక్కపెట్టకండి. ఎన్ని ముక్కలతో మొదలుపెట్టారు, ఎన్ని స్వతంత్ర వంశాలు జన్యువును తర్వాతి తరానికి అందించాయి, అంతే రాయండి. ఆ అంకె చిన్నదైనా అదే నిజమైన కొలత.

రెండోది, కుదరని పద్ధతులను కూడా ప్రచురించండి. లాం ఫారం ఎల్ఆర్‌జీ 41 కందిలో ఒక యానకం పనిచేయలేదని ఒకరు రాసి పెడితే, ఇంకొకరు రెండేళ్లు దాని మీద పోగొట్టుకోరు. సంస్థలు అలాంటి పత్రానికి విలువ కట్టే పద్ధతి తేవాలి.

మూడోది విశ్వవిద్యాలయాలకు, నిధులిచ్చే సంస్థలకు. మూడేళ్ల ప్రాజెక్టుతో పునర్జనన సమస్య తీరదు. పదేళ్ల పని కావాలి, ఒక్కో పైరుకు ఒక్క బాధ్యత గల బృందం కావాలి. లేత పిండాక్షాన్ని దెబ్బ తగలకుండా విత్తనంలోంచి తీయగలిగిన చేయి ఏళ్ల సాధనతో తయారవుతుంది. అలాంటి ప్రయోగశాల సహాయకులను ఆరు నెలలకోసారి కాంట్రాక్టు మార్చి పంపేస్తే ఆ నైపుణ్యం కూడా వారితోనే వెళ్లిపోతుంది. వారికి స్థిరమైన ఉద్యోగం ఇవ్వడం పరిశోధనలో భాగమే.

నాలుగోది, రైతు వేసే రకాలతోనే పని మొదలుపెట్టాలి. ప్రయోగశాలకు నచ్చిన రకంలో సాధించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరుగు సంకరాలు చేసే తీరికను పల్లాకు తెగులు మనకు ఇవ్వదు. మినుముకు, పెసరకు, కందికి, శనగకు ఒక్కొక్క ప్రామాణిక పద్ధతిని తయారుచేసి, ఏ ప్రభుత్వ ప్రయోగశాల అడిగినా విత్తనంతో, ప్లాస్మిడ్‌తో, శిక్షణతో సహా ఇవ్వాలి.

ప్రపంచంలో పప్పులను అందరికంటే ఎక్కువగా పండించేదీ, తినేదీ, దిగుమతి చేసుకునేదీ మనమే. బ్రెజిల్ తన చిక్కుడు కోసం, నైజీరియా తన అలసంద కోసం పని చేశాయి. మన కంది కోసం, మన మినుము కోసం వేరే దేశం పని చేయదు. ఆ పని మన ప్రయోగశాలల్లో మనమే చేయాలి. ఈ సభలో కూర్చున్న విద్యార్థుల్లో కొందరైనా దాన్ని తమ జీవితకాలపు పనిగా తీసుకోవాలని కోరుతున్నాను.